హవాయి ద్వీపముల భూమి పంపకము

పసిఫిక్ మహాసముద్రము నడుమ, అమెరికా పశ్చిమతీరమునకు రెండువేల మైళ్లకు పైబడిన దూరమున హవాయి ద్వీపములు గలవు. వానిలో పెద్దవి ఎనిమిది. దక్షిణ ద్వీపముల నుండి జంటపడవలపై, నక్షత్రములను అలల పోకడను గురుతుగా గొని వచ్చిన పాలినీషియా జాతివారు సుమారు ఎనిమిది, తొమ్మిది వందల యేండ్ల క్రిందట అచ్చట కాపురములు పెట్టిరి. వచ్చుచు తమవెంట చేమపిలకలు తెచ్చుకొనిరి. మన పెరళ్లలోని చేమయే అది. వారు దానిని కలో యందురు. మడులు గట్టి, వాగునీరు పారించి పండించి, దుంపను ఉడికించి దంచి పోయి యను ముద్దగా భుజింతురు. ఆకాశపితయైన వాకేయాకు ప్రాణము లేక పుట్టిన కొడుకును పాతిపెట్టగా అచ్చట చేమ మొలచెననియు, పిమ్మట పుట్టిన తమ్ముడే మానవులకు మూలపురుషుడనియు వారి పురాణము. కావున చేమ వారికి పైరు మాత్రమే గాదు, అన్నగారు.

వారి భాషలో భూమికి ఆయినా యని పేరు. పోషించునది యని దాని భావము. నీటిని వాయి యందురు, సంపదను వాయివాయి యందురు. నీటికాపు కష్టమెరిగిన రైతునకు ఈ మాటకు వ్యాఖ్యానమక్కరలేదు. కొండశిఖరము మొదలు సముద్రపు దిబ్బల వరకు వాగు వెంబడి పరచుకొన్న భూభాగము ఒక అహుపువాఆ. కొండవారు కలపయు, మాగాణివారు చేమయు, తీరమువారు చేపలును ఒకరికొకరు ఇచ్చుకొనెడివారు. దొరలకు పన్నులును వెట్టియు తప్పకుండెను; ఆ కాలమును స్వర్గముగా వర్ణించుట పొరపాటు. అయినను భూమిని అమ్ముట యను మాట ఎవ్వరికిని తెలియదు.

1778లో కుక్ నావికుడు వచ్చెను. ఓడలతోపాటు మునుపెరుగని వ్యాధులును దిగి జనమును హరించెను. 1810 నాటికి మొదటి కమేహమేహ ద్వీపములన్నిటిని ఏకచ్ఛత్రము చేసెను. మూడవ కమేహమేహ కాలమున విదేశవర్తకులు పట్టాలు కావలెనని పట్టుబట్టిరి. 1843లో ఒక ఆంగ్ల నౌకాధికారి రాజ్యమునే అయిదునెలలు ఆక్రమించెను. రాజ్యము పోయినను సొంతభూమి నిలుచునని రాజు తలచెనని కొందరు చరిత్రకారుల మతము. 1848లో రాజును 245 మంది నాయకులును కూర్చుండి ఒక్కొక్క భూభాగము పేరువ్రాసి, ఇది నీది, ఇది నాదియని చేవ్రాలు చేసిరి. దీనికి మహాపంపకమని పేరు.

సాగుదారుల సంగతి 1850 శాసనమున వచ్చెను. తాను దున్నెడు చెక్కకు రైతు పట్టా పొందవచ్చును. అయితే 1848 ఫిబ్రవరి 14 లోపుగనే అర్జీ దాఖలైయుండవలెను, సాక్షులను తేవలెను, కొలతకు రుసుము చెల్లింపవలెను. తాతలనాటి మడి తనదేనని ఎవరికి అర్జీ పెట్టుకొనవలెనో పలువురకు బోధపడలేదు. కొండమీది కట్టెయు, మేతయు, బీడును పట్టాలో చేరవు. తుదకు సుమారు 41 లక్షల ఎకరములలో సాగుదారులకు దక్కినది సుమారు 28,600 ఎకరములు. నూటికి ఒక్కపాలు గూడ గాదు. ఆ 1850లోనే విదేశీయులకు భూమికొను హక్కు కలిగెను. చెరకుతోటలు విస్తరిల్లెను; వాగులు తోటలకు మళ్లింపబడి చేమమడులు ఎండిపోయెను.

చదువులేమిచే ఇట్లయ్యెననుట తగదు. 1822లో ముద్రణ ఆరంభమై, కొలది దశాబ్దములలో ఆ ప్రజలు మిక్కిలి అక్షరాస్యులైరి. స్వభాషలో పత్రికలు పెక్కు వెలువడెను. కలాకౌవా రాజు 1881లో భూప్రదక్షిణము చేయుచు కలకత్తా, బొంబాయి నగరములను దర్శించెను. ఆయన సోదరి లిలిఉఒకలాని రాణిని 1893 జనవరిలో తోటల యజమానులును వర్తకులును, అమెరికా నావికాసైనికులు తీరమున దిగియుండగా, పదభ్రష్టురాలిని గావించిరి. 1896 శాసనముచే బడులలో బోధనకు ఇంగ్లీషు నిర్బంధమయ్యెను.

1897లో విలీనపుటొడంబడిక అమెరికా సెనేటు ముందుండగా, దేశభక్త సంఘమువారు ఊరూర తిరిగి, పురుషులవద్దను స్త్రీలవద్దను వేరువేరు కాగితములపై 21,000కు మించి సంతకములు గైకొనిరి. అప్పటికి స్వజాతివారు సుమారు 40,000 మందియే. మనవి వాషింగ్టను చేరెను. ఒడంబడికకు మూడింట రెండుపాళ్ల సమ్మతి దొరకలేదు. అయినను 1898లో, స్పెయిను యుద్ధసమయమున, సామాన్య తీర్మానముతోనే ద్వీపములను కలుపుకొనిరి. 1959లో హవాయి రాష్ట్రమయ్యెను; 1978లో వారి భాషకు అధికార హోదా వచ్చెను.

ఆ మనవి కాగితములు 556 పుటలు అమెరికా జాతీయ దస్తావేజుల భాండాగారమున నుండెను. 1990లలో వాని నకళ్లు హవాయికి తేబడగా, జనులు పుటలు త్రిప్పుచు తమ ముత్తాత ముత్తవ్వల చేవ్రాళ్లను వెదకికొనిరి.