డబ్లిన్‌లో బరంపురం విద్యార్థి

గంజాం జిల్లాలోని బరంపురం ఈనాడు ఒడిశాలో ఉంది. 1936 ఏప్రిల్ 1న ఆ రాష్ట్రం ఏర్పడేవరకు అది మద్రాసు ప్రెసిడెన్సీలోని పట్టణమే. అక్కడ వకీలుగా పేరున్న జోగయ్య పంతులుగారి ఇంట 1894 ఆగస్టు 10న పుట్టిన వరాహగిరి వేంకటగిరి తరువాతి కాలంలో రాష్ట్రపతి అయ్యారు. 1913లో ఆయన ఐర్లండు వెళ్ళి లా చదివారని పాఠ్యపుస్తకాలు ఒక్క వాక్యంలో చెప్పి ముగిస్తాయి. ఆ చదువు ఎలా సాగింది, ఎలా ముగిసింది అన్నది పరదేశాలకు వెళ్ళే మన విద్యార్థులు తెలుసుకోదగిన విషయం.

బారిస్టరు చదువంటే ఆ రోజుల్లో లండనే. మరి డబ్లిన్ ఎందుకు? 1909 జూలైలో మదన్‌లాల్ ధింగ్రా లండన్‌లో కర్జన్ వైలీని కాల్చి చంపిన తరువాత, భారతీయ విద్యార్థి అంటేనే అక్కడ అనుమానం. బాగోగులు చూసే పేరుతో ఇండియా ఆఫీసు వారి రాకపోకలను కనిపెట్టసాగింది. లా చదువులో ప్రవేశానికీ చిక్కులు పెరిగాయి. డబ్లిన్‌లో కింగ్స్ ఇన్స్ తలుపు అప్పటికింకా తెరిచే ఉంది. అయితే దానితోపాటు అక్కడి యూనివర్సిటీ కాలేజీలో ఒక ఏడాది కోర్సు విధిగా చదవాలి. 1914-15లో ఆ కోర్సులో కూర్చున్న మొదటి 13 మంది భారతీయుల్లో గిరి ఒకరు. 1917 నాటికి అలా చదివినవారు 50 మంది అయ్యారు.

గిరి అంతటితో ఆగక బి.ఏ.లోనూ చేరారు. అర్థశాస్త్రం చెప్పినది సహకారోద్యమానికి అండగా నిలిచిన ఫాదర్ ఫిన్లే. ఇంగ్లీషు చెప్పినది థామస్ మాక్‌డొనా అనే కవి. పాఠాలు అలా ఉండగా, ఊరు మరొకటి నేర్పుతూ ఉంది. ఆయన వెళ్ళిన 1913లోనే ట్రాము కార్మికుల తగాదా పెద్ద లాకౌటుగా మారి, సుమారు 20,000 మంది కూలి లేక నెలల తరబడి పస్తులున్నారు.

యుద్ధం వచ్చాక గిరి లండన్ వెళ్ళి గాంధీజీని కలిశారు. క్షతగాత్రుల సేవకు రమ్మంటే సరేనన్నారు, తరువాత ఆ మాట ఇచ్చినందుకు చింతించారు. ఇరవై ఏళ్ళ కుర్రవాడికి ఇది చిన్న సంకటమేమీ కాదు. దక్షిణాఫ్రికాలో భారతీయుల అగచాట్లపై తోటి విద్యార్థులతో కలిసి వేసిన కరపత్రం పోలీసుల చేతికి చిక్కింది. లండన్‌లో తప్పించుకున్న నిఘా డబ్లిన్‌లో ఎదురైంది.

1916 ఏప్రిల్ 24న ఈస్టర్ తిరుగుబాటు లేచింది. మే 3న మాక్‌డొనాను కాల్చి చంపారు. క్లాసులో కవిత్వం చెప్పిన మాస్టారికి అదీ గతి. భారతీయ విద్యార్థుల గదులు సోదా చేశారు. జూన్ 21న గిరి బారిస్టరయ్యారు. సరిగ్గా పది రోజులకు, జూలై 1న, నెలలోగా దేశం విడిచి పొమ్మని తనకు నోటీసు అందిందని ఆయనే చెప్పుకున్నారు.

కానలీ వంటి తిరుగుబాటు నాయకులతో ఆయనకు సంబంధం ఉందని పోలీసులు అనుమానించారు. దీన్నే పట్టుకుని ఆయన తిరుగుబాటులో పాల్గొన్నారని మనవాళ్ళు రాసేస్తుంటారు. పోలీసుల అనుమానం చరిత్రకు రుజువు కాజాలదు. అది లేకపోయినా ఆయన గౌరవానికి లోటేమీ రాదు.

తిరిగి వచ్చాక మద్రాసు హైకోర్టులో పేరు నమోదు చేసుకున్నా, 1920లో సహాయ నిరాకరణలో ఆ వృత్తిని వదిలేశారు. చదువు ఖర్చయిపోయిందని బంధువులు అనుకుని ఉంటే తప్పుపట్టలేం. ఆ తరువాత ఆయన బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సంఘంలోకి వచ్చారు. ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో పనిచేసినవారిలో మన ఉత్తరకోస్తా నుంచి వెళ్ళి స్థిరపడిన తెలుగువారు ఎందరో ఉన్నారు. 1920ల చివర ఉద్యోగాలు ఊడిన కార్మికుల కోసం సాగిన సమ్మెకు ఆయన ముందు నిలిచారు. ట్రాము కార్మికుల డబ్లిన్‌కూ రైల్వే కార్మికుల ఖరగ్‌పూర్‌కూ మధ్య తిన్నని గీత గీయడం తొందరపాటే అవుతుంది. కానీ కేంద్ర కార్మిక మంత్రిగా 1952 నుంచి 1954 వరకు, తగాదాను కోర్టుకు ఈడ్చేకన్నా యజమానీ కార్మికుడూ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలని ఆయన పట్టుబట్టినప్పుడు, డబ్లిన్‌లో ఒక్కరోజు కూడా గుర్తుకు రాలేదనుకోవడం కష్టం. బి.ఏ. మాత్రం అక్కడే సగంలో ఆగిపోయింది.