ఆదాయమా, వ్యయమా? మన దారిద్ర్యగణన చరిత్ర

మనిషి బ్రదుకుటకు ఏటికెంత కావలయును, దేశమున తలకెంత పండుచున్నది అను రెండు ప్రశ్నలను ఎదురెదురుగా నిలిపి, మన దారిద్ర్యమును అంకెలలోనికి తెచ్చినవాడు దాదాభాయి నౌరోజీ. చెఱసాలలో ఖైదీలకు పెట్టు తిండికిని, విదేశములకు పోవు కూలీలకిచ్చు బత్తెమునకును వెలకట్టి, 1867-68 నాటి ధరలలో మనిషికి ప్రాంతమునుబట్టి ఏటికి 16 మొదలు 35 రూపాయలు కావలసియుండగా, తలసరి రాబడి 20 రూపాయలు మాత్రమేయని 1876లో ఆయన వాదించెను. అయినను అది దేశమంతటికి తీసిన సగటు. ఏ యింట ఎంత కొఱత యున్నదో దానివలన తెలియదు.

ఇంటింటికి పోయి విచారించుట స్వాతంత్ర్యానంతరముగాని దేశవ్యాప్తము కాలేదు. గణాంకశాస్త్రవేత్త ప్రశాంతచంద్ర మహలనోబిస్ ప్రేరణచే 1950లో జాతీయ నమూనా సర్వే ఆరంభమయ్యెను. సొంత గాదెలోని గింజలనే తినుచు, కోతలనాడు వచ్చినదానితో ఏడాది నెట్టుకొనివచ్చు రైతును, కొలత గింజలు కూలిగా పుచ్చుకొను పాలేరును పట్టుకొని, నెలకు మీ రాబడి యెంత యని అడిగినచో వారేమి చెప్పగలరు? చెప్పగలవాడును పన్ను భయమున తగ్గించి చెప్పును. అందుచేత ఎంత బియ్యము వండితిరి, ఉప్పున కెంతయైనది, కిరసనాయిలున కెంతయైనది అని వ్యయమునే అడిగి, ఇంట పండినదానికిని వెలకట్టి చేర్చు పద్ధతి స్థిరపడెను.

అంతట, ఎన్నాళ్ల వ్యయము నడుగవలయునను చిక్కు పుట్టెను. పశ్చిమబెంగాలునందు కొన్ని యిండ్లలో బియ్యము, పప్పు, చక్కెర, ఉప్పు తూచి చూడగా, వారమునకు చెప్పిన లెక్క తూకమును మించిపోయెననియు, నెలకు చెప్పినది దానికి దగ్గఱగా నిలిచెననియు మహలనోబిస్, ఆయన సహరచయిత సేన్ 1954లో ప్రకటించిరి. వారమునకు ముందు వండినదియు జ్ఞాపకమున ఆ వారములోనికే చేరిపోవుట యిందుకు కారణము కావచ్చును. అదిమొదలు ముప్పది దినముల గడువే చిరకాలము ఆచారమయ్యెను.

ఇంత వ్యయమునకు లోబడినవారు దరిద్రులని దారిద్ర్యరేఖను గీయుట తరువాతి పని. 1960-61 ధరలలో తలకు నెలకు 20 రూపాయలని 1962లో ఒక నిపుణవర్గము సూచించెను. తలకు దినమునకు పల్లెలలో 2400, పట్టణములలో 2100 కెలోరీలను ప్రమాణముగా గొని 1979లో అలఘ్ అధ్యక్షతనున్న సంఘము రేఖను నిర్ణయించెను. పండితుల తర్కము ఈ రేఖను గూర్చి సాగుచుండగా, 1999-2000 సర్వేలో ఆహారమునకు ఏడు దినముల గడి, ముప్పది దినముల గడి ప్రక్కప్రక్కనే ఒకే ప్రశ్నావళిలో చేరినవి. ఒక గడిలో చెప్పిన లెక్కకు పొందుపడునట్లు రెండవదానిని చెప్పుట మానవసహజము గనుక, నెల లెక్క పెరిగినదని పలువురు శంకించిరి. 1993-94లో నూటికి 36గా నున్న దారిద్ర్యము 26కు దిగినదని ప్రభుత్వము ప్రకటింపగా, గడువు మారని వంటచెఱకు, దీపపు చమురు మొదలగువాని వ్యయమును ఆధారముగా గొని ఆర్థికశాస్త్రజ్ఞుడు ఆంగస్ డీటన్ మరల లెక్కించెను. తగ్గుట నిజమేగాని, ప్రకటించినంత కాదని తేలెను.