జైలు గేటు దాటాక ఏముంది? ఆదోని నుంచి ఒక వందేళ్ల లెక్క

ఈరోజు ఎపిసోడ్‌లో మనోళ్లు పెద్దగా మాట్లాడని టాపిక్. జైలుకి ఎలా వెళ్తారో సినిమాలు చాలా చూపించాయి. బయటికొచ్చాక ఏంటి?

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఆదోని కుర్రాడు ఒకడు శిక్ష పడి కడప సెంట్రల్ జైల్లో మూడేళ్లు ఉన్నాడనుకోండి. విడుదల రోజు చేతిలో ఏముంటుంది? జైల్లో చేసిన పనికి జమైన కూలి, ఊరు చేరడానికి దారిఖర్చు. కడపలో ముంబై వైపు వెళ్లే రైలెక్కితే గుంతకల్లు మీదుగా ఆదోనిలో దిగుతాడు. ఇక్కడిదాకా సిస్టమ్ ఉంది. స్టేషన్ బయట ఆటో స్టాండ్ నుంచి? అక్కడి నుంచి అంతా వాడి తలరాత.

ఎందుకిలా? దీనికి వందేళ్ల చరిత్ర ఉంది. రండి, చూద్దాం.

మన జైళ్లు చాలాకాలం నడిచింది 1894 నాటి ప్రిజన్స్ యాక్ట్ మీద. అందులో తాళాలు, శిక్షలు, పని, క్రమశిక్షణ గురించి ఉంది. బయటికొచ్చిన మనిషి గురించి ఏమీ లేదు. అప్పట్లో ఆదోని, ఎమ్మిగనూరు రెండూ మద్రాసు ప్రెసిడెన్సీలోని బళ్లారి జిల్లాలో ఉండేవి. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చాకే మనం కర్నూలు జిల్లా అయ్యాం.

మరి బ్రిటిష్ ప్రభుత్వం ఈ విషయంలో డబ్బు అసలు పెట్టలేదా? పెట్టింది. ఎలా పెట్టిందో చూడండి. 1911లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది. 1913లో బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్‌మెంట్ పెట్టారు. హెరాల్డ్ స్టువర్ట్ అనే అధికారి పేరు మీద ఆ ఊరి పేరు. నడిపే బాధ్యత సాల్వేషన్ ఆర్మీకి, గ్రాంటు ప్రభుత్వానిది. భూమి ఇచ్చారు, బడి పెట్టారు, చీరాల పొగాకు ఫ్యాక్టరీలో పని చూపించారు. వినడానికి బాగుంది కదా? కానీ రోజూ హాజరు వేయించుకోవాలి, పాస్ లేకుండా ఊరు దాటకూడదు. అక్కడున్న ఎరుకల కుటుంబాల్లో చాలామంది ఏ నేరమూ చేయలేదు. పుట్టిన కులమే వాళ్ల కేసు!

నాలాంటి సాఫ్ట్‌వేర్ వాడి భాషలో చెప్పాలంటే, మానిటరింగ్‌కి ఫుల్ బడ్జెట్, సపోర్ట్ టీమ్‌కి మిగిలింది. ఈ తేడా గుర్తుపెట్టుకోండి. మిగతా కథంతా ఇదే.

1919–20లో అలెగ్జాండర్ కార్డ్యూ అధ్యక్షతన ఇండియన్ జైల్స్ కమిటీ కూర్చుంది. జైలు పని శిక్షించడమే కాదు, మనిషిని మార్చడం కూడా అని చెప్పింది. విడుదలైనవాళ్లకు సాయం చేసే సంఘాలు ఉండాలంది. అలాంటి సంఘాలు వచ్చాయి, కానీ ఎక్కువగా చందాల మీద, దాతల మీద నడిచాయి. పోలీసు జీతం మాత్రం ఏ రోజూ చందాల మీద నడవలేదు!

1952 ఆగస్టు 31న క్రిమినల్ ట్రైబ్స్ చట్టం దేశమంతా రద్దయింది. ముద్ర పోయిందా అంటే, దాని స్థానంలో హ్యాబిచువల్ అఫెండర్స్ చట్టాలు వచ్చాయి. నిఘా పేరు మార్చుకుంది. 1970లలో గోరా గారి కొడుకు లవణం, జాషువా గారి కూతురు హేమలత స్టువర్టుపురం వెళ్లి సంస్కార్ పేరుతో పని చేశారు. ఇంటింటికీ తిరిగి మాట్లాడారు, పిల్లల చదువు చూశారు. అధికారులు హాజరు పట్టీ పట్టుకుని వెళ్లిన ఊరికి వీళ్లు నమ్మకం పట్టుకెళ్లారు.

1980–83 మధ్య జస్టిస్ ముల్లా కమిటీ ఇదే మాట మళ్లీ చెప్పింది. 2016 మోడల్ ప్రిజన్ మాన్యువల్‌లో విడుదల తర్వాతి సంరక్షణ మీద ఒక అధ్యాయమే ఉంది. అయితే రాజ్యాంగం ప్రకారం జైళ్లు రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి. కేంద్రం మాన్యువల్ రాస్తుంది, అమలు చేయాల్సింది, డబ్బు చూపించాల్సింది రాష్ట్రం. గోడ కట్టడానికి టెండర్ ఉంటుంది, ఫొటో ఉంటుంది. బయటికొచ్చినోడి వెంట ఆరు నెలలు తిరిగే ఉద్యోగి జీతానికి ఏ ఫొటో ఉంటుంది చెప్పండి?

2023లో కేంద్రం పేద ఖైదీల సహాయ పథకం తెచ్చింది. ఏడాదికి 20 కోట్లు. బెయిల్ డబ్బు కట్టలేని విచారణ ఖైదీకి 40,000 దాకా, జరిమానా కట్టలేని శిక్షపడ్డవాడికి 25,000 దాకా ఇస్తామని అప్పుడు చెప్పింది. మంచిదే. కానీ ఇది గేటు తెరిచే డబ్బు. గేటు దాటాక నిలబెట్టే డబ్బు వేరే. అమెరికాలో ఆ రెండో పనికే 2008లో సెకండ్ ఛాన్స్ యాక్ట్ చేసి, ఉద్యోగం, ఇల్లు, మత్తు వదిలించే చికిత్స కోసం గ్రాంట్లు మొదలుపెట్టారు.

ఇంకో పోలిక మన దగ్గరే ఉంది. లొంగిపోయిన మావోయిస్టుకి పునరావాస ప్యాకేజీ ఉంటుంది, తలమీద ప్రకటించిన రివార్డు కూడా ఆయనకే ఇస్తారు. తప్పని నేను అనట్లేదు. అంటే మనిషి మారాలంటే డబ్బు కావాలని ప్రభుత్వానికి తెలుసు. సెల్‌ఫోన్ దొంగతనంలో వెళ్లొచ్చిన కుర్రాడి దగ్గరికి వచ్చేసరికే ఆ లెక్క మర్చిపోతుంది.

ఇప్పుడు కామెంట్ బాక్స్‌లో ఒకటి గ్యారంటీగా వస్తుంది. "అన్నా, నేరం చేసినోడికి డబ్బులా? బాధితుడి సంగతేంటి?" న్యాయమైన ప్రశ్నే. 1998లో సుప్రీంకోర్టు ఖైదీ పనికి న్యాయమైన కూలి ఇవ్వాలని చెబుతూనే, అందులో కొంత బాధితుల కోసం తీయాలని కూడా చెప్పింది. రెండూ కలిపి చేయొచ్చు. పైగా వాడు మళ్లీ నేరం చేస్తే కొత్త బాధితుడు మన వీధిలోవాడే అవుతాడు.

మన ఏరియా సంగతి చూడండి. వానల్లేని ఏడు కోసిగి, పెద్దకడుబూరు పల్లెలు సగం తాళాలేసి సుగ్గికి గుంటూరు మిరపచేలకు పోతాయి. మామూలోడికే ఊర్లో పని లేదు. అప్పుడే జైలు నుంచి వచ్చినోడిని ఎవరు పిలుస్తారు? అయినా దారులు లేకపోలేదు. ఆదోనిలో పత్తి మార్కెట్, జిన్నింగ్ మిల్లులు ఉన్నాయి. ఎమ్మిగనూరులో మగ్గం ఉంది. 1938లో మాచాని సోమప్ప గారు చేనేత సహకార సంఘం పెట్టి, విడివిడిగా మునిగిపోతున్న నేతగాళ్లను ఒక చోటికి తెచ్చారు. జైల్లో నేత నేర్చుకున్నోడికి బయట ఒక మగ్గం, కొంత నూలు అప్పు, జామీను ఉండే ఒక సంఘం కావాలి. అందులో మన ఊరికి తెలియనిది ఏదీ లేదు.

కాబట్టి నా మాట ఒక్కటే. వచ్చేసారి మీ ఎమ్మెల్యే గారు మైకు పట్టుకున్నప్పుడు కొత్త జైలు గురించి కాకుండా, విడుదలైనోళ్ల కోసం ఈ ఏడు బడ్జెట్‌లో ఎంత పెట్టారని అడగండి. మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఎవరైనా లోపల ఉంటే 15100కి ఫోన్ చేయండి, అది న్యాయసేవల హెల్ప్‌లైన్, ఉచితం. ఇక బయటికొచ్చినోడు మీ వీధి టీ కొట్టు దగ్గర నిలబడితే, "ఎప్పుడొచ్చినావప్పా, టీ తాగు" అనండి. దానికి జీవో అక్కర్లేదు.