నీలిరక్తపు ఆహారము

నాయుడుపేట ప్రక్కగా పారు స్వర్ణముఖి తూర్పునకు పోయి బంగాళాఖాతమున కలియును. ఆ సముద్రపు వలలకు చిక్కు జీవులలో స్క్విడ్ ఒకటి. చేపల బుట్టలో కనబడినను ఇది చేప కాదు, వెన్నెముక లేని నత్తజాతి జీవి. ఈ తెగ మంచినీట బ్రతుకదు. కనుక మన చెరువులలో వెదకి ప్రయోజనము లేదు.

క్రీ.పూ. 4వ శతాబ్దమున అరిస్టాటిల్ దీనిని రక్తము లేని జంతువులలో చేర్చెను. ఎఱ్ఱని రక్తము కానరాకపోవుటయే ఇందులకు కారణము. మన తీరపు స్క్విడ్‌కు 1835లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దోర్బిన్యీ 'దువాసెలీ' యను జాతినామ మొసగెను. ఇందులో స్మరింపబడిన సేకర్త ఆల్ఫ్రెడ్ దువాసెల్ 1824లో మనకు దాపుననున్న మద్రాసులోనే మరణించెను. బెల్జియమునకు చెందిన లియోన్ ఫ్రెడెరిక్ 1878లో, స్క్విడ్‌కు బంధువైన ఆక్టోపస్ రక్తమును పరీక్షించి, అందు ప్రాణవాయువును మోయు ప్రోటీనుకు హీమోసయనిన్ అని పేరిడెను. మన రక్తములో ఇనుము చేయు పనిని దానిలో రాగి చేయును. గాలి సోకినచో అది నీలమగును. అరిస్టాటిల్ లేదన్న రక్తము ఇదియే!

ఈ రాగి మనకేల? 1928లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున హార్ట్, స్టీన్‌బాక్, వాడెల్, ఎల్వెహెమ్ అనువారు ఎలుకలకు పాలు మాత్రమే పెట్టి రక్తహీనత కల్పించిరి. శుద్ధమైన ఇనుప లవణ మిచ్చినను అది కుదురలేదు. కాలేయపు బూడిద చేర్చగా కుదిరినది. ఆ బూడిదలోని రహస్యము రాగియే.

అమెరికా వ్యవసాయ శాఖ పట్టిక ననుసరించి 100 గ్రాముల పచ్చి స్క్విడ్‌లో రాగి సుమారు 1.9 మిల్లీగ్రాములు, మాంసకృత్తులు 15.6 గ్రాములు, కొవ్వు 1.4 గ్రాములు కలవు. శక్తి 92 కేలరీలే. తేలిక ఆహార మనుట ఇందుచేతనే. అయితే కొలెస్టెరాల్ 233 మిల్లీగ్రాములు. హృద్రోగులు వైద్యుని అడిగి తినుట మేలు. పిండిలో ముంచి నూనెలో వేచినచో ఆ తేలికదనము నూనెలోనే పోవును. నత్తజాతి ఆహారము పడనివారు దీని జోలికి పోరాదు.

మన దేశమున ఆహార విశ్లేషణకు 1918లో కూనూరున మెకారిసన్ నాటిన విత్తు 1958లో హైదరాబాదునకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరొందినది. ఆ సంస్థ 2017లో వెలువరించిన పట్టికలలో స్క్విడ్ కూడ చోటుచేసుకొన్నది.

బడిపిల్లల రక్తహీనతకు స్క్విడ్ ఒక్కటే మందు కాదు. అందు ఇనుము 0.7 మిల్లీగ్రాము మాత్రమే. ఆ లోటును కొంత పూరించుటకు మన సీమవారి రాగిసంగటి యున్నది: రాగులలో ఇనుము 100 గ్రాములకు 4.6 మిల్లీగ్రాములు. పేరు ఒకటే యైనను ఈ రాగులు వేఱు, ఆ రాగి వేఱు!