మేజ్‌ని తిప్పితే కొత్తదవుతుందా? పేరు మారిపోయిన ఒక లెక్క కథ

ఫ్రెండ్స్, ఒక గళ్ల కాగితం తీసుకోండి. ప్రతి గడిలో మూల నుంచి మూలకి ఒక గీత గీయండి. ఎటు వాలినా సరే. నిండేసరికి గోడలు, దారులు, మలుపులు... అచ్చం మేజ్‌లా ఉంటుంది. 1982లో వచ్చిన కమోడోర్ 64 కంప్యూటర్‌లో ఒకే ఒక్క లైన్ బేసిక్ ప్రోగ్రామ్ ఈ పని చేసేది.

ఇప్పుడు ప్రశ్న. రెండు అడ్డ వరుసలు, మూడు నిలువు వరుసలు. మొత్తం ఆరు గళ్లు, 64 డిజైన్లు. తిప్పినా, అద్దంలో చూసినా ఒకదానిలోంచి ఇంకోటి వచ్చేస్తే ఆ రెండూ ఒకటే అనుకుందాం. అప్పుడు ఎన్ని మిగులుతాయి?

ఇది పాత సరదానే. 1704లో ఫ్రాన్స్‌లో సెబాస్టియన్ ట్రూషే అనే ఆయన, మూల నుంచి మూలకి రెండు రంగులుగా చీలిన చదరపు పలకల మీద రాశారు. రెండు పలకల్ని పక్కపక్కన పెట్టడానికి అక్కడ కూడా 64 విధాలే! ఒకేలాంటివి తీసేస్తే 10 మిగిలాయి.

మన దీర్ఘచతురస్రానికి కదలికలు నాలుగు. 64ని 4తో భాగిస్తే 16 కదా అంటారు. కాదు! తిప్పినా మారని డిజైన్లు కొన్ని ఉంటాయి, వాటికి నాలుగు రూపాలు ఉండవు. అందుకే ఒక్కో కదలికకి ఎన్ని మారకుండా ఉంటాయో చూసి, సగటు తీయాలి.

కదపకపోతే 64. సగం చుట్టు తిప్పితే గళ్లు మూడు జంటలవుతాయి, కాబట్టి 8. పైన-కింద అద్దానికి కూడా 8. ఎడమ-కుడి అద్దానికి సున్నా. ఎందుకంటే మధ్య నిలువు వరుస తన చోటే ఉంటుంది గానీ, గీత వాలు తిరగబడిపోతుంది. మొత్తం 80. నాలుగుతో భాగిస్తే 20. అదీ జవాబు.

ఈ సూత్రాన్ని అందరూ బర్న్‌సైడ్ లెమ్మా అంటారు. అసలు కథ వేరు. దీని మూలం 1845లో కోషీ దగ్గర ఉంది. 1887లో ఫ్రోబెనియస్ నిరూపించారు. 1897లో బర్న్‌సైడ్ తన పుస్తకంలో ఫ్రోబెనియస్ పేరు చెప్పారు కూడా. 1911 రెండో ఎడిషన్‌లో ఆ మాట లేదు. అంతే, పేరు ఈయనకి అతుక్కుపోయింది. 1979లో పీటర్ న్యూమన్ ఏకంగా ‘బర్న్‌సైడ్‌ది కాని లెమ్మా’ అని పేపర్ రాశారు.

ఇంకా బాధ కలిగించేది రెడ్‌ఫీల్డ్ కథ. ఈ అమెరికన్ 1927లోనే ఇలాంటి లెక్కలకి పెద్ద పద్ధతి రాస్తే దాదాపు ఎవరూ చూడలేదు. 1937లో పోల్యా విడిగా అక్కడికే వచ్చారు, పేరు ఆయనకొచ్చింది. రెడ్‌ఫీల్డ్ 1944లో చనిపోయారు. ఆయన రెండో పేపర్ అచ్చయింది 1984లో!

ఇందులో ఎవరూ దొంగతనం చేయలేదు. ఒక్క వాక్యం జారిపోయింది, ఒక పేపర్ మూలన పడింది. కోడ్ కాపీ కొట్టేటప్పుడు పైనున్న కామెంట్ లైన్‌లో రాసినవాళ్ల పేరుంటే, దాన్ని మాత్రం డిలీట్ చేయకండి.

చివరగా మీకో పని. రెండుకి రెండు గళ్ల చదరం, కదలికలు ఎనిమిది. జవాబు 6 రావాలి. ఏ కదలికకి ఎన్ని వచ్చాయో కామెంట్‌లో రాయండి!