రాకడకై మేల్కొన్న రాత్రి

1844వ సంవత్సరము అక్టోబరు 22వ తేదీ రాత్రి అమెరికా ఈశాన్య రాష్ట్రములలో వేలకొలది కుటుంబములు నిదురపోలేదు. కొందరు రైతులు చేతికి వచ్చిన పంటను పొలములోనే విడిచిరి. కొందరు వర్తకులు అంగళ్లు మూసివైచిరి. మరికొందరు పాత అప్పులు తీర్చి, మనసు నొప్పించినవారిని క్షమాపణ వేడిరి. ఆ దినము గడవకముందే క్రీస్తు మేఘారూఢుడై తిరిగి వచ్చునని వారి దృఢవిశ్వాసము.

ఈ విశ్వాసమునకు మూలపురుషుడు విలియం మిల్లర్. న్యూయార్కు రాష్ట్రమున లోహాంప్టన్ గ్రామములో వ్యవసాయము చేసికొనుచుండిన గృహస్థు. యౌవనమున శాస్త్రగ్రంథములను లక్ష్యపెట్టనివాడు. 1812లో ఇంగ్లండుతో ఆరంభమైన యుద్ధములో సైనికాధికారిగా పనిచేసి ఇల్లు చేరిన పిమ్మట, 1816లో మరల దైవభక్తుడై, బైబిలును మొదటి పుటనుండి వచనము వెంట వచనముగా పరిశీలింపసాగెను.

దానియేలు గ్రంథము ఎనిమిదవ అధ్యాయమున, 2300 దినములు గడచిన పిదప ఆలయము పవిత్రమగునని యొక ప్రవచనము కలదు. ప్రవచనములో దినమనగా సంవత్సరమనియు, ఆలయమనగా ఈ భూమియనియు, దాని శుద్ధి క్రీస్తు రాకతో జరుగుననియు మిల్లర్ అర్థము చేసికొనెను. యెరూషలేము పునర్నిర్మాణమునకు పారశీక చక్రవర్తి ఆజ్ఞ వెలువడిన క్రీ.పూ. 457నుండి లెక్కించగా 1843 తేలినది. ఈ నిర్ణయమునకు 1818లోనే వచ్చినను, 1831 వరకు ఆయన బహిరంగముగా బోధింపలేదు. లెక్క తప్పినచో జనులను తప్పుదారి పట్టించినవాడ నగుదునేమో యన్న భయము ఆయనను వెనుకకు లాగినది.

బోస్టను నగరపు బోధకుడు జాషువా హైమ్స్ 1840లో పత్రిక స్థాపించుటతో ఈ వార్త దేశమంతట ప్రాకినది. 1844 మార్చిలో గడువు దాటినది, ఏమియు జరుగలేదు. అప్పుడు వారికి మత్తయి సువార్తలోని పదిమంది కన్యకల ఉపమానము ఊరట నిచ్చినది. అందులో పెండ్లికుమారుడు ఆలస్యము చేసెను గదా! క్రీస్తుపూర్వమునకు, క్రీస్తుశకమునకు నడుమ సున్న సంవత్సరము లేదు గనుక గణన 1844కు జరుగవలెననిరి. ఆ వేసవిలో శామ్యూల్ స్నో అను బోధకుడు యూదుల ప్రాయశ్చిత్త దినము ననుసరించి అక్టోబరు 22ను నిర్ణయించెను. మిల్లర్ కూడ చివరి దినములలో దాని నంగీకరించెను.

తెల్లవారినది. సూర్యుడు యథాప్రకారముగా ఉదయించెను. అర్ధరాత్రి దాటినది మొదలు ఉదయము వరకు విలపించితిమని హైరమ్ ఎడ్సన్ అను రైతు పిమ్మట వ్రాసికొనెను. వీథిలో పరిహాసములు మిన్నుముట్టినవి. తెల్లని అంగీలు తొడిగి కొండలెక్కి నిలిచిరన్న కథ నేటికిని వినవచ్చును గాని, దానికి నమ్మదగిన ఆధారము లేదు. చరిత్రకారులు ఆ దినమునకు ‘మహా నిరాశ’ యని పేరిడిరి.

ఇట ఆలోచింపదగిన విషయ మొకటి కలదు. ఆ ఉపమానములో బుద్ధిమతులైన కన్యకలు ఘడియ తెలిసి సిద్ధపడలేదు. తెలియదు గనుకనే సిద్దెలలో నూనె పోసికొని వచ్చిరి. ఆ దినమును, ఆ గడియను ఎవ్వరు నెరుగరని దానికి ముందటి యధ్యాయమే చెప్పుచున్నది. తేదీని నమ్మి పంట విడిచినవానికి మరునాడు నష్టము మిగిలినది. అప్పు తీర్చి, పొరుగువానితో సమాధానపడినవాని సిద్ధపాటు మాత్రము అక్టోబరు 23న కూడ చెల్లినది.

మిల్లర్ తన గణన తప్పినదని 1845లో బాహాటముగా ఒప్పుకొని, ఆశను మాత్రము విడువక 1849లో కన్నుమూసెను. ఆయన అనుచరులలో కొందరినుండి వెలసిన సెవెంత్ డే అడ్వెంటిస్టు సంఘము 1863లో వ్యవస్థీకృతమైనది. వారు రాకడకు మరల తేదీ నిర్ణయింపలేదు. పాఠశాలలు, వైద్యాలయములు నెలకొల్పిరి. మన నూజివీడులోని ఆసుపత్రి యట్టివానిలో నొకటి. ఎదురుచూచు కాలము దీర్ఘమని తెలిసినవారు ఆ కాలమును రోగుల సేవకు వినియోగించిరి.