చట్టం చేసే సభ, దర్యాప్తు అడగని సభ

కొవ్వూరు పేరు చెప్తే ఎవరికైనా గోష్పాద క్షేత్రం, పుష్కరాలు, రాజమండ్రి వంతెన గుర్తొస్తాయి. 2022 ఏప్రిల్ నుంచి 2024 ఎన్నికల దాకా రాష్ట్ర హోం శాఖ కొవ్వూరు ఎమ్మెల్యే చేతిలో ఉండేదన్న సంగతి అంతగా గుర్తుకు రాదు. 2019లో ఇక్కడి నుంచి గెలిచిన తానేటి వనిత మొదట మహిళా శిశు సంక్షేమ శాఖ మంత్రి, తర్వాత హోం మంత్రి. స్త్రీల అక్రమ రవాణా కేసుల్లో ఈ రెండు శాఖలకీ విడదీయలేని సంబంధం ఉంది. ఒకటి దాడి చేసి, కేసు రాసి, దర్యాప్తు చేస్తుంది. రెండోది ఆ దాడిలో దొరికిన ఆడవాళ్ళని హోంలో ఉంచుతుంది. అంతకు ముందు, 2014 నుంచి 2019 వరకూ, హోం మంత్రి నిమ్మకాయల చినరాజప్పది పెద్దాపురం నియోజకవర్గం. ఆ ఊరి పేరు వినగానే తెలుగు సినిమా ఎలాంటి నవ్వు నవ్వుతుందో మనకు తెలిసిందే.

గోదావరికి చెరో పక్కనున్న ఈ రెండు నియోజకవర్గాలు పోలీసు శాఖని నడిపిన కాలంలోనే, 2015లోనూ 2023లోనూ, స్త్రీల లైంగిక దోపిడీ, అక్రమ రవాణా రాష్ట్ర రాజకీయాల్లో పెద్ద దుమారమయ్యాయి. ఆ రెండుసార్లూ చట్టసభలు దర్యాప్తు గురించి ఏం అడిగాయి? కళావంతుల స్త్రీలను తెలుగు సాహిత్యం ఎలా చూసిందన్న విషయం మీద పరిశోధన చేసిన నాకు, ఈ ప్రశ్నకి జవాబు వెతకాలంటే కొంచెం వెనక్కి వెళ్ళక తప్పలేదు. ఆడపిల్లల అమ్మకం గురించి మన సభలు మాట్లాడటం మొదలుపెట్టి నూరేళ్ళు దాటింది. మాట్లాడే తీరు మాత్రం పెద్దగా మారలేదు.

మనందరం చదివిన 'కన్యాశుల్కం'తోనే మొదలుపెడతాను. 1897 నాటి మొదటి ముద్రణకి గురజాడ ఇంగ్లీషులో రాసిన ముందుమాటలో ఒక లెక్క ఉంది. విజయనగరం మహారాజు ఆనందగజపతి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో జరిగిన శుల్క వివాహాల జాబితా తయారు చేయించాడు. 1,034 పెళ్ళిళ్ళు తేలాయి. కన్యాశుల్కాన్ని అరికట్టాలని మద్రాసు శాసనసభలో ఆయన చేసిన ప్రయత్నం చట్టం కాలేదు. ఆ లెక్క మాత్రం ఒక నాటకానికి ముందుమాటలో మిగిలిపోయింది. ఆయన సంస్థానాధీశుడు, చేతిలో మనుషులున్నారు, డబ్బుంది. ఆ అవకాశాల్ని పక్కన పెట్టి చూసినా ఒక విషయం గమనించాలి. చట్టం అడిగేముందు ఆయన ఊళ్ళలో ఏం జరుగుతోందో తెలుసుకోవాలనుకున్నాడు. అమ్మినదెవరు, కొన్నదెవరు, ఎంతకి అన్న ప్రశ్నలు అక్కడున్నాయి. అమ్ముడుపోయిన పిల్ల నడవడిక ఎలాంటిదన్న ప్రశ్న ఆ లెక్కకి అవసరం లేదు. తర్వాత వచ్చిన సభలు ఈ తేడాని నిలుపుకోలేకపోయాయి.

1927 నవంబరులో డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి మద్రాసు శాసనమండలిలో దేవదాసీ వ్యవస్థ మీద తీర్మానం ప్రవేశపెట్టారు. బ్రిటిష్ ఇండియాలో శాసనసభ్యురాలైన మొదటి స్త్రీ ఆమె, అప్పుడు మండలి ఉపాధ్యక్షురాలు కూడా. కొవ్వూరు అప్పటికి రెండేళ్ళ కిందట, 1925లో ఏర్పడిన పశ్చిమ గోదావరి జిల్లాలో ఉంది. ఆ సభ చేసే చట్టం ఈ డెల్టాలోని కళావంతుల ఇళ్ళకీ వర్తిస్తుంది. 1929లో హిందూ దేవాదాయ చట్టానికి సవరణ వచ్చి, గుళ్ళో సేవ చేయాలన్న షరతు నుంచి ఇనాం భూములకి విడుదల దొరికింది. 1930లో మద్రాసు అవినీతి వ్యాపార నిరోధక చట్టం వచ్చింది. గాంధీ అరెస్టుకి నిరసనగా ముత్తులక్ష్మి ఆ ఏడాదే రాజీనామా చేశారు. దేవదాసీల అంకిత నిషేధ చట్టం 1947 దాకా రాలేదు.

ఈ క్రమాన్ని సాధారణంగా సంస్కరణ విజయంగా చెప్పుకుంటాం. ఆ విజయంలో స్త్రీల శ్రమ ఉంది, దాన్ని తక్కువ చేయటం నా ఉద్దేశం కాదు. కాని ఆ చట్టాలు ఎవరి కోసమో వాళ్ళ మాట సభలోకి ఏ దారిన వచ్చిందో చూడండి. మద్రాసులో దేవదాసీలు సంఘంగా ఏర్పడి ప్రభుత్వానికి విజ్ఞాపనలు పంపారు. బెంగళూరు నాగరత్నమ్మ లాంటి పండితురాలు వాళ్ళలో ఉంది. తమని వేశ్యలతో ఒకే గాట కట్టవద్దని వాళ్ళ వాదన. ఇటు అదే సమూహంలోంచి వచ్చిన యామినీ పూర్ణతిలకమ్మ లాంటి తెలుగు స్త్రీలు సంస్కరణ వైపు నిలబడ్డారు. కళావంతుల స్త్రీలంతా ఒకే మాట మీద లేరు, ఉండాల్సిన అవసరమూ లేదు. ఏ వైపున్నా వాళ్ళు సభ బయటే ఉన్నారు. లోపల వాళ్ళ గురించి చర్చ జరిగింది. చర్చ ముగిసి చట్టం బయటికి వచ్చాక దాన్ని అమలు చేసింది పోలీసులు. పోలీసులు ఏం చేస్తున్నారని అడగటం మాత్రం సభకి అలవాటు కాలేదు.

రాజ్యాంగ సభలోనూ ఇదే ధోరణి. 1948 డిసెంబరులో మనుషుల క్రయవిక్రయాన్ని నిషేధించే అధికరణం, అంటే ఇప్పటి 23వ అధికరణం, చర్చకి వచ్చినప్పుడు కె.టి. షా అందులో దేవదాసీల ప్రస్తావన చేర్చాలన్నారు. మద్రాసులో ఇప్పటికే చట్టం ఉందన్న జవాబు వచ్చింది. సవరణ వీగిపోయింది. చట్టం ఉండటమే సమస్యకి జవాబన్న ఈ తర్కం మన శాసన చరిత్రలో పదేపదే కనిపిస్తుంది.

దుర్గాబాయి పుట్టింది రాజమండ్రిలో. 1921లో కాకినాడకి గాంధీ వచ్చినప్పుడు ఆయనని దేవదాసీలతోనూ ఘోషా స్త్రీలతోనూ కలిపించాలని పట్టుబట్టి సాధించింది. అప్పటికి ఆమెకి పన్నెండో ఏడు. వాళ్ళ గురించి ఆయనకి చెప్పటం కాదు, వాళ్ళనే ఆయన ముందు కూర్చోబెట్టటం. 1953లో ఆమె మొదటి అధ్యక్షురాలిగా కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది. ఈ సమస్యని అధ్యయనం చేయటానికి ధన్వంతీ రామారావు నాయకత్వంలో సంఘాన్ని వేసింది ఆ బోర్డే. 1956లో పార్లమెంటు చేసిన చట్టం వెనుక ఆ అధ్యయనం ఉంది.

1956 చట్టం, 1986 సవరణతో అవినీతి వ్యాపార నిరోధక చట్టంగా పేరు మార్చుకున్నది, నేటికీ అమల్లో ఉంది. దానిలో మనం తరచు మాట్లాడుకునేది 8వ సెక్షన్. బహిరంగంగా పిలిచిందని స్త్రీనే శిక్షించే సెక్షన్ అది. మాట్లాడుకోనివి మరికొన్ని ఉన్నాయి. 13వ సెక్షన్ ప్రకారం ప్రత్యేక పోలీసు అధికారికి సలహా ఇవ్వటానికి ఆ ప్రాంతపు సంఘసేవకులు ఐదుగురికి మించకుండా ఒక అనధికార బృందాన్ని వేయవచ్చు. అందులో వీలైనంత వరకూ స్త్రీలు ఉండాలి. 15వ సెక్షన్ ప్రకారం వారెంటు లేకుండా సోదా చేసేటప్పుడు ఇద్దరు స్థానికులు సాక్షులుగా ఉండాలి, వాళ్ళలో ఒకరు స్త్రీ కావాలి. వెంట ఇద్దరు మహిళా పోలీసులుండాలి. 17వ సెక్షన్ విడిపించిన మనిషిని మేజిస్ట్రేటు ముందు హాజరుపరచి, విచారణ జరిపి, ఎక్కడ ఉంచాలో తేల్చమంటుంది. ఇవన్నీ దర్యాప్తు మీద సమాజం కన్ను వేసి ఉంచటానికి చట్టం తెరిచిన కిటికీలు. అవి తెరిచే ఉన్నాయా అని అడగవలసింది శాసనసభ.

చట్టాల కొరత మనకి లేదు. 1988లో ఆంధ్రప్రదేశ్ దేవదాసీల చట్టం, 2003లో అక్రమ రవాణా నిరోధానికి రాష్ట్ర విధానం వచ్చాయి. 2013లో జస్టిస్ వర్మ కమిటీ తర్వాత శిక్షా స్మృతిలో కొత్త 370వ సెక్షన్ వచ్చింది. 2024 జూలై నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 143వ సెక్షన్. అన్ని జిల్లాల్లోనూ మానవ అక్రమ రవాణా నిరోధక విభాగాల కోసం 2020లో నిర్భయ నిధి నుంచి డబ్బు మంజూరయింది. సభలు బిల్లుని పరిశీలించిన తీరులోనూ తేడాలున్నాయి. 8వ సెక్షన్ తీసేయాలన్న 2006 నాటి సవరణ బిల్లుని పార్లమెంటు స్థాయీ సంఘానికి పంపారు. సంఘం నివేదిక ఇచ్చింది, కాని బిల్లు 2009లో లోక్‌సభతో పాటు మురిగిపోయింది. 2018లో కొత్త అక్రమ రవాణా బిల్లుని స్థాయీ సంఘానికి పంపాలని సభ్యులు కోరినా పంపకుండానే లోక్‌సభ ఆమోదించింది. అదీ 2019లో మురిగిపోయింది.

ఇక 2015. ఆ డిసెంబరులో విజయవాడలో 'కాల్‌మనీ' వ్యవహారం బయటపడింది. ఒక్క ఫోనుతో అప్పు, భరించలేని వడ్డీ, కట్టలేని ఆడవాళ్ళ మీద లైంగిక దోపిడీ. ఫిర్యాదు చేయటానికి ఆ స్త్రీలకి ఎంత తెగువ కావాలో ఊహించండి. అప్పు తీసుకున్న సంగతే ఇంట్లో తెలియనివాళ్ళుంటారు. శాసనసభ శీతాకాల సమావేశాల్లో ప్రతిపక్షం ముందు దీన్నే చర్చించాలంది. అంబేద్కర్ 125వ జయంతి చర్చ ముందని ప్రభుత్వం అంది. రగడ జరిగింది. ముఖ్యమంత్రి మీద చేసిన వ్యాఖ్యలకి డిసెంబరు 18న ప్రతిపక్ష సభ్యురాలు ఆర్.కె. రోజాని ఏడాది పాటు సస్పెండ్ చేశారు. 2016 మార్చిలో హైకోర్టులో ఒక న్యాయమూర్తి ఆ సస్పెన్షన్‌ని నిలిపేశారు. కొద్ది రోజుల్లోనే డివిజన్ బెంచి ఆ ఉత్తర్వుని పక్కన పెట్టింది. వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది.

ఈ నెలల్లో మనం ఏం నేర్చుకున్నాం? సభా నియమావళిలో 340వ నిబంధన కింద ఒక సభ్యుణ్ణి ఎంతకాలం సస్పెండ్ చేయవచ్చన్నది బాగా నేర్చుకున్నాం. సభా హక్కులకీ కోర్టు పరిధికీ మధ్య గీత ఎక్కడుందో చర్చించాం. ఒక స్త్రీ సభలో ఏ మాట అనవచ్చు, ఏ మాట అనకూడదన్నదాని మీద టీవీల్లో గంటల కొద్దీ విన్నాం. పోలీసులు రాష్ట్రమంతా వడ్డీ వ్యాపారుల మీద దాడులు చేశారు, దాంతో కేసు వడ్డీ రేట్ల కేసుగా కనిపించసాగింది. ఫిర్యాదు చేసిన ఆడవాళ్ళ దర్యాప్తు ఎక్కడిదాకా వచ్చింది, వాళ్ళకి రక్షణ ఎవరిచ్చారు అన్న ప్రశ్న రెండు పక్షాల అరుపుల మధ్య నలిగిపోయింది.

2023లో పాత్రలు తారుమారయ్యాయి. జూలైలో ఏలూరు సభలో పవన్ కల్యాణ్ రాష్ట్రంలో వేల మంది స్త్రీలు కనిపించకుండా పోయారని, దాని వెనుక అక్రమ రవాణా ఉందని, వాలంటీర్ల వ్యవస్థకి సంబంధం ఉందని ఆరోపించారు. రాష్ట్ర మహిళా కమిషన్ ఆధారాలు చూపమని ఆయనకే నోటీసు ఇచ్చింది. అదే నెలలో రాజ్యసభలో కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన జవాబు ప్రకారం 2019-21 మధ్య రాష్ట్రంలో తప్పిపోయినట్టు నమోదైన స్త్రీలు, బాలికల సంఖ్య 30 వేలు దాటింది. వాళ్ళలో ఎక్కువమంది దొరికారని పోలీసులన్నారు. తప్పిపోవటం, అక్రమ రవాణా ఒకటి కావు. ఇంట్లో హింస భరించలేక వెళ్ళిపోయిన అమ్మాయీ, ఇష్టమైనవాడితో వెళ్ళిన అమ్మాయీ, అమ్ముడుపోయిన అమ్మాయీ ఆ అంకెలో కలిసిపోతారు. వాళ్ళని విడదీయగలిగేది దర్యాప్తు ఒక్కటే. దాని గురించి అడిగే ఓపిక లేని చోట అంకె రాయి అయింది. ఒకరు విసిరారు, ఇంకొకరు తిప్పి విసిరారు. 2024లో అడిగినవాళ్ళు ప్రభుత్వంలోకి, జవాబు చెప్పినవాళ్ళు ప్రతిపక్షంలోకి మారారు. మళ్ళీ హోం మంత్రి ఒక స్త్రీయే. కుర్చీలో స్త్రీ ఉండటం ముఖ్యమే, కాని ఆ కుర్చీని ఏం అడగాలో తెలియటం అంతకన్నా ముఖ్యం.

పర్యవేక్షణ అంటే ఏదో ఒక కేసుని సభలో విప్పి ఆరబెట్టటం కాదు. బాధితురాలి పేరు బయటపెట్టటం నేరం. కోర్టు చేయవలసిన పని సభ చేయకూడదు. దర్యాప్తు అధికారికి ఎవరిని అరెస్టు చేయాలో మంత్రి చెప్పకూడదు, సభ్యుడూ చెప్పకూడదు. అడగవలసింది పద్ధతి గురించి. ఎన్ని కేసులన్న ప్రశ్నకి అంకె జవాబుగా వస్తుంది, మంత్రి కూర్చుంటారు. ఎన్నిటిలో ఛార్జిషీటు పడింది, ఎన్ని రోజులకి? అరెస్టయినవాళ్ళలో అమ్మినవాళ్ళెంతమంది, ఇల్లు నడిపినవాళ్ళెంతమంది, 8వ సెక్షన్ కింద నిందితులైన స్త్రీలెంతమంది? సోదాల్లో స్త్రీ సాక్షి ఉందా? 13వ సెక్షన్ సలహా బృందం ఈ జిల్లాలో ఉందా, చివరిసారి ఎప్పుడు కూర్చుంది? హోంలో ఉన్న మేజర్ స్త్రీ వెళ్ళిపోతానంటే ఎన్నాళ్ళకి పంపారు? నష్టపరిహారం ఆమె చేతికి అందిందా? ఇందులో ఏ ఒక్క ప్రశ్నకీ ఆమె పేరు అవసరం లేదు, ఆమె కథా అవసరం లేదు.

సాహిత్యంలో మనం చాలాకాలం మధురవాణి గుణమేమిటని చర్చించాం. ఆమె మంచిదా, తెలివైనదా, మారిందా అని. సభలూ ఆ చర్చనే చట్టం భాషలో చేశాయి. ఇప్పుడు కొవ్వూరు ఆడవాళ్ళు, కాలేజీల్లో పాఠం చెప్పేవాళ్ళు, డ్వాక్రా సంఘాల్లో అప్పులు రాసుకునేవాళ్ళు, తమ ఎమ్మెల్యేకి ఇవ్వదగిన కాగితం మీద పై ప్రశ్నలు రాస్తే చాలు. ఆ ఎమ్మెల్యే ఏ పార్టీ అయినా ఫరవాలేదు. జవాబు రాకపోతే, రాలేదన్న సంగతి కూడా సభ రికార్డులోకి ఎక్కాలి.